భూగర్భ జలమును, మన స్వేచ్ఛయు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవమున నన్ను సాహిత్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. నేను గురుముఖమున కావ్యములు చదివినవాడను గాను. గ్రామ లెక్కలు వ్రాయుచు, తీరిక వేళల ఈ గ్రంథాలయపు బీరువాలలోని పుస్తకములవలన నాలుగు ముక్కలు నేర్చుకొన్నవాడను. కావున భాగవతముతో మొదలిడి అడంగలులోనికి దిగెదను. నాకు తెలిసిన త్రోవ యదియే.

భాగవతము చతుర్థ స్కంధమున పృథుచక్రవర్తి కథ గలదు. బీజములను తనలో దాచుకొనిన భూదేవిపై ఆయన విల్లెక్కుపెట్టగా, ఆమె గోరూపమున పరువిడి, తుదకు నిలిచి, తనకొక దూడను సమకూర్చి పాలు పిదుకుకొమ్మనును. ఇంతవరకు అందరు నెరిగినదే. ఆమె మరియొక కోరికయు కోరినది. హరికథలలో దానిని చెప్పగా నేను వినలేదు. మిట్టపల్లములను సరిచేసి, వానకాలము గడచిన పిదప గూడ వాననీరు తనయందు నిలుచునట్లు చేయుమన్నది.

మన పెద్దలు ఆ కోరికను మన్నించిరి. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును గూర్చి 1369 నాటి శాసనమున్నది. విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు దానిని కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినవట. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తగిలెడి ఆరు దోషములను ఆ సంస్కృత శాసనము లెక్కించినది. నీరు కొంచెమై సాగుభూమి అధికమగుట ఆ దోషములలో నొకటి. ఆ మాట చదివినప్పుడెల్ల నాకు మన గ్రామ లెక్కలే కనబడును.

నా చిన్నతనమున మా బావికి కపిల యుండెడిది. ఎద్దులు అలసినచో తోడుట ఆగెడిది; రాత్రి బావి ఊరెడిది. తరువాత మోటారు వచ్చెను, ఆ పిదప బోరు వచ్చెను. ఎద్దు అలయును, మోటారు అలయదు. తూము తీయు నీరుకట్టువానిని బతిమాలనక్కరలేదు, ఎవని నీరు వానిదే యని సంతోషించితిమి. చెరువు పూడినను ఎవరికిని పట్టలేదు. మెత్తని పూడిక అడుగును మూసినందున క్రింది బావులకు ఊట తగ్గినది. గర్భమును కొందరు దున్నుకొనిరి.

ఇక నా తప్పు చెప్పుకొందును. నేనును రెండు బోర్లు వేయించితిని. మొదటిది 180 అడుగులు, రెండవది 420. రెండవది పడిన సంవత్సరముననే ప్రక్క చేని వృద్ధుని బావి యెండెను. ఆయన నన్ను నిందింపలేదు. ఒక వేసవి సాయంకాలము గట్టుమీదికి వచ్చి, "ఏం నాయనా, మోటారు ఎన్నింటికి ఆపుతావు?" అని మాత్రము అడిగెను. రాత్రి తన బావిలో నాలుగు కడవల నీరైన ఊరునేమోయని ఆశ. మూడు తరముల బావిగల ఆసామి నా మీటను కనిపెట్టుకొని బ్రదుకవలసివచ్చినది. ఆ మరుసటి యేడే పై చేనివారు నాకంటె లోతుగా వేసిరి. అప్పటినుండి వారి మోటారు చప్పుడు వినుచు నేనును నిద్రకు దూరమైతిని. వేరుసెనగ వేయవలెనా, చీనీతోట పెట్టవలెనా యనునది నా యిష్టమనుకొంటిని. ప్రక్కవాని బోరు లోతును, అప్పిచ్చినవాని ఓర్పును దానిని నిర్ణయించుచున్నవి.

2002లో నీరు, భూమి, వృక్షముల చట్టము వచ్చినది. త్రాగునీటి వనరునకు 250 మీటర్ల లోపల అనుమతిలేక బావి త్రవ్వరాదని అందున్నది. "నా భూమిలో నేను త్రవ్వుకొనుటకు ఒకరి సెలవేల?" యని నాతో వాదించినవారు పలువురు. వారి కోపము నాకు తెలియును, నేనును వాదించినవాడనే. కాని ఆ వృద్ధుడు గట్టుమీదికి వచ్చునాటికి ఆయన స్వేచ్ఛను తీసికొన్నది ఏ చట్టమును గాదు.

గ్రామ పటము నకలును పఠనాలయపు గోడకు తగిలించితిని. చెరువు అసలు హద్దు నీలి గీత. బోర్లు ఎర్ర చుక్కలు. నావి రెండును అందున్నవి. గర్భమును దున్నుకొన్నవారి పేర్లు వ్రాయలేదు, వారీ సభలోనే యున్నారు. పూడిక తీయుటను గూర్చి వచ్చు ఆదివారము ఇచ్చటనే కూర్చుందము. ముందుగా ఆ పటమును చూచి రండు. సెలవు.