నవ్వు చిత్రములు, గూఢచారి చిత్రములు

(మన సంఘపు నెలవారీ కుటుంబ సమావేశమున సేలము వర్తక సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



నేను తక్కెడ పట్టువాడనే గాని కలము పట్టువాడను కాను. మెట్రిక్యులేషనుతో నా చదువు ముగిసినది. పత్రికలలో విమర్శకులు వ్రాయునట్లు దర్శకత్వ ప్రతిభ యింత, ఛాయాగ్రహణ నైపుణ్యమింత అని పాళ్ళు కట్టి చెప్పుట నాకు చేతకాదు. అయినను కార్యవర్గమువారు నన్నే మాటలాడుమనిరి. కారణము మీరెరుగుదురు. ఈ భవనమున నెలకొక తెలుగు చిత్రమును కుటుంబములతో కూడి చూడవలెనని గత సమావేశమున తీర్మానించితిమి. ఏ చిత్రముతో ఆరంభింపవలెనను విషయమున మాత్రము రెండు పక్షములేర్పడినవి. యువకులందరును గూఢచారి చిత్రములు, పోరాట చిత్రములు కావలెననిరి. నేనొక్కడను హాస్యచిత్రము కావలెనంటిని. ఒక్కడనే గనుక కారణము చెప్పుకొను భారము నాపై పడినది.

ముందుగా ఎదుటి అంగడి సరుకును మెచ్చుకొందును. గూఢచారి చిత్రములన్న నాకును ప్రీతియే. 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ను విడుదలయిన చాల ఏండ్లకు నా తండ్రిగారి ప్రక్కన కూర్చుండి చూచితిని. కృష్ణగారు నాయకుడు, జయలలితగారు నాయిక. కథ పెద్దది కాదు. ఒక గూఢచారి హతుడగును, ఇంకొక గూఢచారి వచ్చును, శత్రువులను పట్టును. ఎన్ని దెబ్బలు తిన్నను నాయకుని క్రాపు చెదరదు. అయినను నేను కదలక చూచితిని. ఆ చిత్రముతోనే కృష్ణగారిని జనులు ఆంధ్రా జేమ్సుబాండు అనసాగిరి. మరుసటి యేడు అదే కథ హిందీలో జితేంద్ర నాయకుడుగా ‘ఫర్జ్’ అను పేర వచ్చెను. దానికి దర్శకుడు, తెలుగు చిత్రములకు ఛాయాగ్రాహకుడుగా పని చేసిన రవికాంత్ నగాయిచ్.

ఆ 1966లోనే మన సేలము మోడరన్ థియేటర్సువారు జైశంకరును పెట్టి తమిళమున ‘వల్లవన్ ఒరువన్’ తీసిరి. ఏర్కాడు రోడ్డున ఆ సంస్థ తోరణద్వారము నేటికిని నిలిచియున్నది గదా! దాని ముందు మనము దినమును పోవుచు వచ్చుచు ఉందుము. 1968లో కన్నడమున రాజకుమారుగారు ‘జేడర బలె’లో సి.ఐ.డి. 999 అయిరి. తెలుగువానికి 116, కన్నడమువానికి 999. అంకె మారినది, తుపాకి మారలేదు, కారు మారలేదు, రహస్యపు తలుపు మారలేదు. ఈ మాట ఎగతాళికి చెప్పుట లేదు. అది ఆ సరుకు గుణము. బంగారమును ఏ ఊరి తక్కెడలో తూచినను బంగారమే.

2018లో వచ్చిన ‘గూఢచారి’ని మన యువకులు పలుమారు చూచియున్నారు. అడివి శేషు నటించెను, కథారచనయందును అతని చేయి కలదు. శశికిరణ్ తిక్క దర్శకుడు. పాతదానికంటె ఇది ఎన్నో విధముల మేలైన చిత్రము. తండ్రి లేని పిల్లవాడు తండ్రి చేసిన ఉద్యోగమునే కోరుట, చేయని నేరము నెత్తిన పడుట, నమ్మదగినవాడెవడో తెలియక పరుగెత్తుట, ఇవన్నియు బిగువుగా నడచినవి. చివరి రహస్యమును చూడనివారి కొరకు దాచి ఉంచుచున్నాను. పెంచిన తండ్రిగా ప్రకాశ్ రాజుగారు ఉన్న కొద్ది దృశ్యములే నాకు తుపాకుల కంటె ఎక్కువ నచ్చినవి.

పోరాట చిత్రములలో నాకు మిక్కిలి ఇష్టమైనది 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’. కె.యస్.ఆర్. దాసుగారు రాజస్థాను ఎడారికి గుఱ్ఱములను, తోలు టోపీలను తీసికొనిపోయి తెలుగువారి కౌబాయి కథ తీసిరి. కథారచన ఆరుద్రగారిది. దీనిని ఇంగ్లీషులోనికి సైతము మార్చి విదేశములకు పంపిరి. 2022లో కృష్ణగారు పరమపదించిన తరువాత, 2023లో వారి పుట్టిన దినమున దీనిని మరల థియేటర్లలో వేసిరి. ఇందులో నాగభూషణంగారి పాత్ర పేరు నక్కజిత్తుల నాగన్న. అయ్యా, ఈ పేరును ఇంగ్లీషులో ఏమందురు? గుఱ్ఱము ఇంగ్లీషులో గుఱ్ఱమే, ఎడారి ఎడారియే, నిధి నిధియే. నాగన్న నక్కజిత్తులు మాత్రము ఓడ ఎక్కియుండవు. నేను చెప్పదలచిన సంగతి ఆ పేరులోనే ఉన్నది.

2021లో వచ్చిన ‘పుష్ప’ సంగతియు ఇట్టిదే. ఎఱ్ఱచందనపు దొంగల కథ. దేశమంతట హిందీలోను, తమిళములోను చూచిరి. మా అబ్బాయి స్నేహితులతో పోయి తమిళములో చూచి వచ్చెను. కొట్లాటలు నాకు మితిమించి తోచినవి, నిడివియు ఎక్కువయే. కాని ఇంటియొద్ద తెలుగులో పెట్టినపుడు నాయకుని చిత్తూరు యాస చెవిని పడగనే వంటింటిలోనున్న మా అమ్మ బయటికి వచ్చి, “ఎవురురా వీడు, మన పక్కవాడు మాదిరి మాట్లాడతా ఉండాడు?” అని అడిగెను. తమిళములో చూచిన మా అబ్బాయికి కథ అంతయు తెలిసినది, ఈ చుట్టరికము తెలియలేదు.

ఇక నా పక్షమునకు వత్తును. 1955 జనవరిలో విజయావారు ‘మిస్సమ్మ’ను విడుదల చేసిరి. యల్.వి. ప్రసాదుగారు దర్శకులు. ఉద్యోగము కొరకు పెండ్లి కాని ఇద్దరు భార్యాభర్తలమని చెప్పుకొని అప్పాపురమున పంతులు, పంతులమ్మలుగా చేరుదురు. ఆ జమీందారు మేనల్లుడు రాజు తన్ను తాను గొప్ప డిటెక్టివుగా భావించుకొని, తప్పిపోయిన పిల్లను కాలి పుట్టుమచ్చను బట్టి వెదకుచుండును. ఆ వేషము అక్కినేనివారిది. గూఢచారి కావలెనని పట్టుబట్టుచున్న మన యువకులారా, మీ 116 పుట్టుటకు పదకొండేండ్ల ముందే ఇచ్చట ఒక గూఢచారి ఉన్నాడు. వీనియొద్ద తుపాకి లేదు, అదియే తేడా.

ఇచ్చట మీరు గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఈ చిత్రమును విజయావారు తమిళమునకు డబ్బింగు చేయలేదు. ఆ నెలలోనే ‘మిస్సియమ్మ’ అని వేరుగా తీసి విడుదల చేసిరి. సావిత్రిగారు రెండింటను ఉన్నను, రామారావుగారి వేషమును జెమిని గణేశనుగారు, డిటెక్టివు వేషమును తంగవేలుగారు ధరించిరి. 1957లో హిందీ ‘మిస్ మేరీ’ వచ్చినపుడు ఆ డిటెక్టివు కిశోరకుమారు అయ్యెను. ‘మాయాబజారు’ను కూడ 1957లో తెలుగు, తమిళములలో రెండు మారులు తీసిరి. ఘటోత్కచునిగా రంగారావుగారే రెండింటను గద పట్టిరి. నవ్వించు లక్ష్మణకుమారుడు మాత్రము తెలుగున రేలంగివారు, తమిళమున తంగవేలుగారు. గదకు భాష లేదు, నవ్వునకు కలదు. చక్రపాణి, నాగిరెడ్డిగార్లు వ్యాపారమెరిగినవారు. ఊరకనే రెండు ఖర్చులు పెట్టుకొనువారు కారు. హాస్యమును మూట కట్టి ఇంకొక భాషకు పంపిన దారిలో చెడిపోవునని వారికి తెలియును.

నేటికిని అంతే. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ను చూచితిరా? నెల్లూరిలో ఒక చిన్న డిటెక్టివు ఆఫీసు, పెద్ద కేసు దొరకక చిల్లర కేసులతో కాలము గడుపు యువకుడు. స్వరూప్ ఆర్.యస్.జె. దర్శకుడు, నవీన్ పోలిశెట్టి నటుడు. మొదటి సగము కడుపుబ్బ నవ్వితిని, రెండవ సగమున నవ్వు ఆగిపోవునంతటి నేరము బయటపడును. దీనిని తమిళమునకు తేవలసినపుడు 2022లో సంతానమును పెట్టి ‘ఏజెంట్ కణ్ణాయిరమ్’ అని మరల తీయవలసి వచ్చెను. దానిని చూచితిని. నాకు తమిళము తక్కువ కాదు, నా బేరములన్నియు తమిళములోనే. అయినను నాకంత నవ్వు రాలేదు. జంధ్యాలగారి 1986 నాటి ‘చంటబ్బాయి’ డిటెక్టివు కథయే. చిరంజీవిగారి వేషములు పోనిండు, పత్రికా సంపాదకుని తన కవితలతో వేధించు శ్రీలక్ష్మిగారిని ఏ భాషలోనికి మార్చగలరు?

ఇప్పుడొక ఇంటి మాట చెప్పవలెను. చెప్పుటకు కొంచెము సిగ్గుగనే ఉన్నది.

గత వేసవిలో ఒక రాత్రి మేము ‘మిస్సమ్మ’ పెట్టుకొంటిమి. మా అమ్మ, నేను, పదవ తరగతి ముగించిన మా అబ్బాయి. రేలంగివారి దేవయ్య డబ్బునకు ‘తైలము’ అని మారుపేరు పెట్టుకొని అడుగునపుడు మా అమ్మ పకపక నవ్వెను. నేనును నవ్వితిని. మా అబ్బాయి మొదట ఆమె ముఖము, తరువాత నా ముఖము చూచి, ఆ పిమ్మట నవ్వెను. నాకు అనుమానము తోచి, “ఎందుకురా నవ్వినావు?” అంటిని. వాడు తల వంచుకొని, “మీరు నవ్వినారు కదా నాయనా. ఆయప్ప తైలము ఎందుకు అడుగుతా ఉండాడు, తలనొప్పా?” అనెను. తమిళమున తైలమన్న అంగడిలో సీసాలో అమ్ము మందు తైలము గదా! మా అమ్మ, “బండి చక్రానికి నూనె పోయకుంటే కదులుతుందేమిరా? వాడూ అంతే” అని విప్పి చెప్పెను. వానికి అర్థమయినది. ఈలోపల తెరపై ఇంకను రెండు మూడు నవ్వులు పోయినవి. వాటిని వాడు అడుగలేదు, మేము చెప్పలేదు.

నేను అప్పు ఇచ్చి పుచ్చుకొనువాడను. ఆ దినమున వాడు నవ్వినది అప్పు తెచ్చుకొన్న నవ్వు. ఎన్నాళ్ళ నుండి వాడట్లు మా ముఖములు చూచి నవ్వుచున్నాడో నేనెన్నడును గమనింపలేదు.

న్యాయముగా రెండవ సంగతియు చెప్పెదను. మరుసటి వారము వాడే ‘గూఢచారి’ని తెలుగులోనే పెట్టెను. ఎవడు ద్రోహియో, ఏ తలుపు వెనుక ఏమున్నదో వాడు నాకు చెప్పుచు వచ్చెను. నేను వెనుకబడితిని. మా అమ్మ నిద్రపోయెను. తెలివికి వానియందు లోటు లేదు. ఆ చిత్రము వానిని భాష అడుగలేదు, అంతియే.

తప్పు వానిది కాదు. 2006లో తమిళనాట వచ్చిన చట్టము ప్రకారము 2006-07లో మొదటి తరగతితో మొదలై, ఏటేట ఒక తరగతి చొప్పున 2015-16 నాటికి పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరి మొదటి భాషయైనది. తమిళము నేర్చుట మనకు అన్నము పెట్టు విషయము, దానిపై నాకు ఫిర్యాదు లేదు. కాని తెలుగు అక్షరములు ఇంటి బాధ్యతయైనవి, ఇంటిలో ఆ బాధ్యత నాది. నేను అంగడి లెక్కలను గూర్చి వానితో తమిళములోనే మాటలాడుచు వచ్చితిని, పని తొందరగా తెములునని. నాకైతే మా అమ్మ ‘చందమామ’ పెట్టుకొని అక్షరములు నేర్పెను. 1947లో ఆ పత్రికను మొదలిడినవారును ఆ నాగిరెడ్డి, చక్రపాణిగార్లే. ఇప్పుడు ఆ పత్రికయు లేదు. మా వాడు చిత్రముల పేర్లను సైతము తెలుగులో చదువలేడు.

కావున నా ప్రతిపాదన ఇది. మొదటి నెల ‘మిస్సమ్మ’. రెండవ నెల యువకుల కోరికపై ‘గూఢచారి’. దానికి నేనే ముందు వరుసలో కూర్చుందును, నాకు అర్థము కానిది వారు చెప్పవలెను, తెలుగులో చెప్పవలెను. మూడవ నెల ‘ఆత్రేయ’, అది రెండు పక్షములకును చెందినది. తెరపై ఏ భాష అనువాదపు అక్షరములును వేయరాదు. పిల్లలందరును ఒక మూల, పెద్దలందరును ఒక మూల కూర్చుండు మన అలవాటును ఆ దినమునకు మానవలెను. ప్రతి పిల్లవాని ప్రక్కన ఒక అవ్వయో, తాతయో ఉండవలెను. ఎవడైన ప్రక్కవాని ముఖము చూచి నవ్విన, గద్దింపక చెవిలో విప్పి చెప్పవలెను. మాట దాటిపోయిన చిత్రమును ఆపి, వెనుకకు త్రిప్పి మరల వేయుటకు ఒక యువకుని నియమింపవలెను. ఈ పనికి మా అబ్బాయి ఒప్పుకొన్నాడు.

‘మిస్సమ్మ’ సుమారు మూడు గంటల చిత్రము. ఆపి ఆపి వేసిన నాలుగు గంటలగును. కనుక ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలకే మొదలిడవలెను. కుర్చీలు నలుబదియే ఉన్నవి గనుక వీలైనవారు చాపలు తెచ్చుకొనవలెను. విరామమున వేరుసెనగలు, బెల్లము మా అంగడి నుండి వచ్చును.