బిడ్డ కదలడం లేదని ఆమె అన్నప్పుడు

(నందిగామలో మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం గురించి మనం కూర్చున్నప్పుడల్లా రక్తహీనత, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, గర్భసంచి తొలగింపులు, లింగ నిర్ధారణ పరీక్షలు చర్చకు వస్తాయి. రావాలి కూడా. ఇవాళ నేను ఒక చిన్న మాట గురించి మాట్లాడదలచుకున్నాను. నెలలు నిండుతున్న స్త్రీ “నిన్నటి నుంచి బిడ్డ సరిగా కదలడం లేదు” అంటుంది. ఆ మాట ఎవరితో అంటుంది? విన్నవాళ్లు ఏం చేస్తారు? ఆమె ఆసుపత్రి చేరేలోగా ఎన్ని గంటలు గడుస్తాయి? స్త్రీ మాటకు ఇంట్లో, పొలంలో, ఆసుపత్రిలో ఎంత విలువ ఉందో ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే చెబుతాయి. అందుకే దీన్ని హక్కుల ప్రశ్నగా చూడమని అడుగుతున్నాను.

కదలిక ఏం చెబుతుంది

ముందు శరీరం సంగతి. సాధారణంగా 16 నుంచి 24 వారాల మధ్య తల్లికి బిడ్డ కదలిక తెలియడం మొదలవుతుంది. తొలి కాన్పయితే 20 వారాలు దాటాక తెలియవచ్చు. మొదట కడుపులో ఏదో మెదిలినట్టు ఉంటుంది. పోను పోను తన్నడం, దొర్లడం స్పష్టంగా తెలుస్తాయి. 24 వారాలు నిండినా ఏ కదలికా తెలియకపోతే పరీక్ష చేయించుకోవాలి. 28 వారాలు వచ్చేసరికి ప్రతి బిడ్డకూ ఒక వరస ఏర్పడుతుంది. ఒక బిడ్డ రాత్రి తల్లి పడుకున్నాక ఎక్కువ కదులుతుంది, ఇంకో బిడ్డ తెల్లవారుజామున. బిడ్డ నిద్రపోయే సమయాలూ ఉంటాయి. అవి మామూలుగా 20 నుంచి 40 నిమిషాలు, 90 నిమిషాలు దాటడం అరుదు. ఈ వరస తల్లికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు. నెలకొకసారి చూసే డాక్టరుకు అసలే తెలియదు.

మాయ నుంచి రక్తం, ప్రాణవాయువు చాలినంత అందనప్పుడు బిడ్డ తన శక్తిని కాపాడుకోవడానికి కదలిక తగ్గించుకుంటుంది. తల్లికి రక్తపోటు ఉన్నప్పుడు, బిడ్డ సరిగా ఎదగనప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. కదలిక తగ్గిందని వచ్చిన స్త్రీలలో ఎక్కువ మందికి బిడ్డ బాగానే ఉందని తేలుతుంది. కాబట్టి ఎవరినీ భయపెట్టనక్కరలేదు. కానీ ఎవరికి బాగుంది, ఎవరికి బాగాలేదు అన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అరుగు మీద కూర్చుని తేల్చే విషయం కాదిది.

మీరందరూ విన్న మూడు మాటలు చెబుతాను. “నెలలు నిండాయి, లోపల చోటు చాలక కదలడం తగ్గింది” అంటారు. ఇది తప్పు. చివరి నెలలో కదలిక తీరు కొంత మారవచ్చు, తన్నడం కన్నా దొర్లడం, ఒత్తుకోవడం ఎక్కువ కావచ్చు. కానీ నొప్పులు వచ్చేదాకా, నొప్పుల్లో కూడా, బిడ్డ కదులుతూనే ఉండాలి. “చల్లటి నీళ్లు తాగు, తీపి తిను, అదే కదులుతుంది” అంటారు. దీనివల్ల పొద్దు గడుస్తుందే గాని బిడ్డ పరిస్థితి తెలియదు. “మొన్ననే గుండె చప్పుడు విన్నారు కదా” అంటారు. మొన్నటి గుండె చప్పుడు ఇవాళ్టి కదలికకు జవాబు కాదు. ఇవాళ విన్నా, అది ఆ క్షణానికే సాక్ష్యం. కదలిక తగ్గిందన్నప్పుడు బిడ్డ గుండె వేగంలో వచ్చే హెచ్చుతగ్గుల్ని యంత్రం మీద కొంతసేపు చూడాలి, అవసరమైతే స్కానింగ్ చేయాలి.

ఆ మాట ఎక్కడ ఆగిపోతుంది

ఇది మెట్ట ప్రాంతం. పత్తి, మిరప, సుబాబుల్ పండే నేల. మిరపకాయ కోతల కాలంలో కడుపుతో ఉన్న స్త్రీలు కూడా పొద్దున వెళ్లి సాయంత్రం దాకా వంగి పనిచేస్తారు. కదలిక తెలియాలంటే ఒళ్లు కాస్త నిమ్మళంగా ఉండాలి. పనిలో ఉన్నప్పుడు బిడ్డ కదిలినా గమనించడం కష్టం. కాబట్టి చాలామందికి అనుమానం వచ్చేది రాత్రి, నడుం వాల్చాక. అంటే బస్సులు లేని వేళ, ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉండని వేళ. “తెల్లారనీ చూద్దాం” అనే మాట అక్కడ పుడుతుంది. తెల్లవారాక వెళితే కూలి పోతుంది. తోడుగా వెళ్లే మనిషి కూలీ పోతుంది. రెండు కూళ్లు పోగొట్టుకుని వెళ్లి “ఏమీ లేదు” అనిపించుకుని వస్తే ఇంట్లో ఏమంటారో ఆమెకు తెలుసు. అందుకే నోరు విప్పే ముందు పదిసార్లు ఆలోచిస్తుంది.

మన ఇళ్లలో బిడ్డ కదలిక గురించి మాట్లాడరని కాదు. బాగా మాట్లాడతారు. కుడివైపు కదిలితే మగబిడ్డ అని, ఎడమవైపు అయితే ఆడబిడ్డ అని జోస్యం చెబుతారు. బిడ్డ ఆడా మగా అన్న ఆసక్తిలో పదో వంతు బిడ్డ క్షేమంగా ఉందా అన్న ప్రశ్న మీద ఉంటే చాలు. స్కానింగ్ అన్న మాట కూడా ఈ రంధిలోనే చెడిపోయింది. 1994 చట్టం నిషేధించింది లింగ నిర్ధారణను. బిడ్డ ఆరోగ్యం కోసం చేసే స్కానింగ్ స్త్రీ హక్కు. ఈ తేడా మన ప్రచారంలో స్పష్టంగా చెప్పాలి.

ఇక ఆసుపత్రి. “తొలి చూలు కదా, అన్నిటికీ భయమే” అని నవ్వి పంపేవాళ్లు ఉన్నారు. “9వ తారీఖున రా, అందరితో పాటు చూస్తాం” అనేవాళ్లు ఉన్నారు. ప్రతి నెలా 9న జరిగే గర్భిణుల పరీక్షలు మంచి ఏర్పాటే. కానీ బిడ్డ క్యాలెండరు చూసుకుని కదలడం మానదు. పల్లె నుంచి ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి నందిగామకో జగ్గయ్యపేటకో, అక్కడి నుంచి విజయవాడకు పంపుతారు. నందిగామ నుంచి విజయవాడ సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి 75 దాటుతుంది. ప్రతి చోటా ఆమె తన మాట మొదటి నుంచి చెప్పుకోవాలి. దళిత స్త్రీ, వలస వచ్చిన కూలి స్త్రీ చెప్పినప్పుడు ఆ మాట ఇంకా పలచబడుతుంది. కదలిక ఎప్పటి నుంచి తగ్గిందో కాగితం మీద ఎవరూ రాయకపోతే, తర్వాత ఏం జరిగినా జవాబు చెప్పవలసిన వాళ్లు ఉండరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. పురిటికి ఆసుపత్రికి రమ్మని స్త్రీలకు నేర్పగలిగాం. పురిటికి ముందు ఆమె వచ్చి చెప్పే మాట వినడం ఆసుపత్రులకు ఇంకా నేర్పవలసి ఉంది.

లెక్కపెట్టే భారం ఎవరిది

కదలికలు లెక్కపెట్టే పద్ధతి కొత్తది కాదు. రోజుకు 10 కదలికలు లెక్కించే పద్ధతిని 1976లో బ్రిటన్‌లోని కార్డిఫ్ వైద్యులు ప్రచారంలోకి తెచ్చారు. 1989లో లాన్సెట్ పత్రిక సుమారు 68,000 మంది స్త్రీలతో చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. అందరిచేతా రోజూ లెక్కపెట్టించినంత మాత్రాన బిడ్డల మరణాలు తగ్గలేదు. 2018లో అదే పత్రికలో బ్రిటన్, ఐర్లండ్ ఆసుపత్రుల అధ్యయనం వచ్చింది. 4 లక్షలకు పైగా గర్భాలు అందులో ఉన్నాయి. తల్లులకు అవగాహన కల్పించి, ఆసుపత్రుల్లో ఒక పద్ధతి పెట్టినా మృత శిశు జననాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. సిజేరియన్లు మాత్రం పెరిగాయి.

కాబట్టి కదలికను పట్టించుకోనక్కరలేదని దీని అర్థం కాదు. లెక్క పుస్తకం తల్లి చేతికి ఇచ్చి చేతులు దులుపుకోకూడదని అర్థం. రేపు ఏదైనా జరిగితే “నువ్వు సరిగా లెక్కపెట్టలేదు” అని ఆమెనే నిందించే సాధనంగా అది మారుతుంది. మరోవైపు, మన రాష్ట్రంలో అదే సర్వే ప్రకారం 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. కదలిక తగ్గిందన్న ప్రతి స్త్రీనీ కోతకు పంపడానికి అదొక సాకు కాకూడదు. మనం అడిగేది ఈ రెండిటి మధ్యనున్న న్యాయమైన పని: ఆ రోజే పరీక్ష చేయండి, ఏం కనిపించిందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి, మళ్లీ తగ్గితే మళ్లీ రమ్మనండి.

కార్యకర్తలుగా మీరు చెప్పవలసింది సులువు. బిడ్డ వరస తల్లికి తెలుసు. 28 వారాలు దాటాక ఆ వరస మారి, తగ్గిందో లేదో తేల్చుకోలేకపోతే ఎడమవైపు తిరిగి పడుకుని 2 గంటలు గమనించమనండి. 10 కదలికలు తెలియకపోతే వెంటనే బయలుదేరాలి. పూర్తిగా ఆగిందనిపిస్తే ఆ 2 గంటలు కూడా ఆగవద్దు. రాత్రయినా సరే. మొన్న చూపించుకుని ఇవాళ మళ్లీ తగ్గినా సరే.

పోయిన బిడ్డకు లెక్క

ఐక్యరాజ్య సమితి సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఏటా దాదాపు 20 లక్షల మంది బిడ్డలు మృత శిశువులుగా పుడుతున్నారు, అంటే 16 సెకండ్లకు ఒకరు. వీరిలో 40 శాతానికి పైగా నొప్పులు మొదలయ్యాక చనిపోయినవారు. 2019లో అన్ని దేశాల కన్నా ఎక్కువగా మన దేశంలోనే, సుమారు 3.4 లక్షల మంది అలా పుట్టారని అంచనా. 2014లో మన ప్రభుత్వం నవజాత శిశు కార్యాచరణ ప్రణాళికలో 2030 నాటికి ఈ రేటును వెయ్యికి 10 లోపుకు తెస్తానని మాట ఇచ్చింది.

ఈ లెక్కలోకి రావాలంటే ముందు నమోదు కావాలి. 1969 జనన మరణాల నమోదు చట్టంలో “జననం” అంటే సజీవ జననమైనా, మృత జననమైనా. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం “బిడ్డ” అన్న మాటలో మృత శిశువునూ చేర్చింది. అంటే చట్టం ఆమెను తల్లిగా గుర్తించింది. ఇల్లు, ఊరు గుర్తించలేదు. బిడ్డను ఆమెకు చూపకుండానే తీసుకుపోతారు. బాలింత అనరు. పది రోజులకే పనికి పంపుతారు. ఏ వస్తువు తిన్నావు, ఏ గడప దాటావు అని తప్పు ఆమె మీదే వేస్తారు. రొమ్ముల్లో పాలు పడి, పట్టేందుకు బిడ్డ లేని స్త్రీకి కనీసం నాలుగు మంచి మాటలు చెప్పే మనిషి ఉండదు. ఎందుకు పోయిందో తెలుసుకునే హక్కు ఆమెకు ఉంది. అది తర్వాతి కాన్పుకూ అవసరం.

మన నేల, మన పని

స్త్రీలు తమ శరీరం గురించి తాము తెలుసుకోవడం మనకు పరాయి విషయం కాదు. ఈ రెండు ఊళ్లకు దగ్గరలోనే మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు ఉంది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన భండారు అచ్చమాంబ 1874లో పుట్టింది అక్కడే. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు కూతురు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ బెజవాడలో ఆసుపత్రి నడిపారు, ప్రసూతి గురించి, శిశు పోషణ గురించి తెలుగులో పుస్తకం రాశారు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. వైద్య జ్ఞానం మామూలు స్త్రీలకు వాళ్ల భాషలో అందాలని నమ్మిన మనిషి. 1991లో హైదరాబాదు స్త్రీలు తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఆ దారిలోదే.

ఆ దారిలో మనం చేయగలిగిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను. ప్రతి సంఘం సమావేశంలోనూ కోడళ్లతో పాటు అత్తలనూ, వీలైతే భర్తలనూ కూర్చోబెట్టి ఈ విషయం మాట్లాడాలి. రాత్రిపూట ఆమెకు తోడు వెళ్లే ఇద్దరు స్త్రీల పేర్లు ప్రతి వాడలో ముందే అనుకుని ఉండాలి. 2005 నుంచి మన రాష్ట్రంలో 108 ఉంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద గర్భిణికి ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలు, మందులు, ఇంటి నుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి ప్రయాణం ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే రాసిపెట్టండి. “కదలిక తగ్గిందని ఫలానా గంటకు చెప్పింది” అన్న వాక్యం తల్లీబిడ్డల కార్డు మీద సమయంతో సహా రాయించండి. మృత శిశువు పుట్టిన ప్రతిచోటా నమోదు జరిగిందా, కారణం తల్లికి చెప్పారా అని అడగండి. నందిగామ, జగ్గయ్యపేట ప్రభుత్వ ఆసుపత్రుల్లో బిడ్డ గుండెను చూసే యంత్రం, దాన్ని చదవగలిగే మనిషి రాత్రీ పగలూ ఉండాలని మనందరి సంతకాలతో కోరాలి. కోతల కాలంలో ఆసుపత్రికి వెళ్లిన రోజుకు కూలి పోకుండా ఏం చేయగలమో మేస్త్రీలతో, రైతులతో మాట్లాడాలి. ఇది అన్నిటికన్నా కష్టమైన పని. దీని మీద మీ అనుభవాలు వినాలని ఉంది.