కేసు షీటులో జాతి అనే గడి

పట్టాలు అందుకుంటున్న యువ పశువైద్యులారా!

రేపటి నుంచి మీ దగ్గరికొచ్చే ప్రతి కుక్కకూ కేసు షీటులో వయసు పక్కనే జాతి రాస్తారు. ఆ ఒక్క గడి గురించే మాట్లాడతాను.

స్పెయిన్‌కు చెందిన బలేరిక్ దీవుల్లో ఇసుక ఈగలు కుట్టి కుక్కలకు లీష్మేనియా అనే పరాన్నజీవి సోకుతుంది. బాక్సర్లు, జర్మన్ షెపర్డ్‌లు దీనికి తేలిగ్గా లొంగిపోతాయి. ఒళ్లు చిక్కిపోతుంది, చర్మం మీద పొలుసులు లేస్తాయి, చివరికి కిడ్నీలు పాడవుతాయి. అవే ఈగలు కుట్టినా, అక్కడి ఐబిజా వేటకుక్కల్లో జబ్బు పడేవి అరుదు. పరాన్నజీవి వాటి ఒంట్లోకి చేరకనా? కాదు. చంపిన లీష్మేనియాను వాటి చర్మంలోకి ఎక్కించి చూశారు. ఆ పరిశోధన 2000లో వెలువడింది. చాలా కుక్కలకు సూది గుచ్చిన చోట వాపు గట్టిగా లేచింది. వాటి రోగనిరోధక టి-కణాలు ఆ పరాన్నజీవిని అంతకుముందే ఎదుర్కొన్నాయన్నమాట.

లీష్మేనియా దాక్కునేది సాక్షాత్తూ క్రిములను మింగేసే మాక్రోఫేజ్ కణంలోనే. యాంటీబాడీలు అక్కడిదాకా చేరలేవు. టి-కణాలు ఇంటర్ఫెరాన్ గామాను విడుదల చేస్తే, మాక్రోఫేజ్ నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి లోపలి పరాన్నజీవిని చంపుతుంది. జబ్బుపడిన కుక్కలో యాంటీబాడీలకు కొదవ ఉండదు. అవే పరాన్నజీవి ముక్కలతో జతకట్టి కిడ్నీలో పేరుకుని దాన్ని దెబ్బతీస్తాయి. కాబట్టి రిపోర్టులో యాంటీబాడీలు బాగా ఎక్కువున్నాయని చూసి ధీమా పడకండి. ఒంటి స్పందన టి-కణాల దారి పడుతుందో, యాంటీబాడీల దారి పడుతుందో నిర్ణయించడంలో జన్యువులకు పెద్ద పాత్రే ఉంది. మాక్రోఫేజ్‌లో పనిచేసే ఎస్‌ఎల్‌సీ11ఏ1 జన్యువు వాటిలో ఒకటి.

అలాగని అంతా జన్యువుల మీదికే నెట్టేయలేం. 1910లో ప్యాటన్ అనే పరిశోధకుడు మన పక్కనే మద్రాసులో, అక్కడి హంట్ క్లబ్బు వేటకుక్కల్లోనూ నక్కల్లోనూ గుర్తించి వర్ణించిన రక్త పరాన్నజీవి బబేసియా గిబ్సొనీ మీకు తెలిసిందే. దశాబ్దాల తర్వాత అమెరికాలో అది ఎక్కువగా పిట్‌బుల్ టెర్రియర్లలోనే బయటపడింది. జాతి రక్తంలోనే ఏదో లోపం ఉందనిపిస్తుంది. తీరా చూస్తే, పందేల కోసం వాటిని కొట్లాటకు వదిలేవాళ్లు. కరుచుకున్నప్పుడు ఒకదాని నెత్తురు ఇంకోదానికి అంటేది. తల్లి నుంచి పిల్లలకూ వచ్చేది. ఆ కుక్కల ఒంటి మీది గాట్లను చూడకుండా జాతి పేరొక్కటే చూసినవాడు మనుషులు చేసిన క్రూరత్వాన్ని జన్యువుల ఖాతాలో వేస్తాడు. అది నాకు మింగుడుపడని విషయం.

మందు రాసేటప్పుడు మాత్రం జాతిని మరవకండి. చాలా కోలీలకు ఎండీఆర్1 జన్యువులో లోపం ఉంటుంది. అలాంటి కుక్కకు గజ్జికని ఐవర్మెక్టిన్ పెద్ద మోతాదులో ఇస్తే అది మెదడుకెక్కి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక మన ఊరకుక్క. దానికి ఏ రోగమూ రాదని ప్రతి వీధిలోనూ అంటారు. కానీ రోగంతో పోయిన కుక్కపిల్లలు ఎవరి లెక్కలోకీ రాలేదు. మన కళ్లెదుట తిరిగేవి బతికి బట్టకట్టినవి. వాటిలోనూ కొన్ని బబేసియాను పైకి కనపడకుండా మోస్తుంటాయి. వాటిని కుట్టిన గోమారి పక్కింటి లాబ్రడార్‌కు దాన్ని అంటించగలదు. హుషారుగా ఉందని ఊరకుక్కను తిప్పి పంపకండి. చెవి అంచు నుంచి ఒక చుక్క నెత్తురు స్లైడు మీదికి తీయండి. అందులో బబేసియా కనపడకపోయినా అనుమానం తీరకపోతే పీసీఆర్ పరీక్షకు పంపండి.