పై చదువుకు ముందు రెండేళ్ళ కొలువు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ చదువులకు దొరికే స్కాలర్‌షిప్పుల గురించి నాలుగు మాటలు చెప్పమని మాకు అప్పగించారు. విషయం చాలా పెద్దది. అందులో ఒక్క భాగమే ఈ రోజు మీ ముందుంచుతాము. వెనుకబడిన, అభివృద్ధి చెందుతున్న దేశాలలో ఉద్యోగం చేస్తున్న పట్టభద్రులకోసమే కేటాయించిన స్కాలర్‌షిప్పులు కొన్ని వున్నాయి. మనవాళ్ళ చూపు వాటిమీద పడటం లేదు. పడకపోవడంవల్ల ఇళ్ళ కాగితాలు తాకట్టుకు పోతున్నాయి.

మన ఇళ్ళలో జరిగేది అందరికీ తెలుసు. అబ్బాయి బి.టెక్. ఫలితాలు వస్తాయి. వారం తిరక్కముందే హిమాయత్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో ఒక కన్సల్టెన్సీ గడప తొక్కుతాము. వాళ్ళు చెప్పిన కాలేజీకే సీటు వస్తుంది. బ్యాంకు అప్పు, అమ్మ నగలు, తాతగారి నాటి ఇల్లు, అన్నీ కలిస్తేగాని విమానం ఎక్కలేడు. వడ్డీ పాపమని నమ్మే కుటుంబాలకు ఇది మరీ నరకం. అప్పు చేస్తే మనస్సు ఒప్పదు, చేయకపోతే పిల్లవాడి భవిష్యత్తు ఏమవుతుందోనని భయం. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు అప్పుకు వడ్డీ భారం కేంద్ర ప్రభుత్వం మోసే 'పఢో పర్‌దేశ్' అనే పథకం ఒకటి వుండేది. 2022-23లో దాన్ని ఆపేశారు.

మన రాష్ట్రంలో ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకాన్ని 2015లో మైనారిటీలకు తెచ్చారు. మొదట 10 లక్షలు ఇచ్చి, తరువాత 20 లక్షలకు పెంచారు. మంచి పథకం, మనవాళ్ళకు మేలు చేసింది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ డబ్బు విడతలుగా వస్తుంది. మొదటి విడత కూడా పిల్లవాడు ఆ దేశంలో దిగి, దిగినట్లు కాగితం పంపాకనే. వీసాకు చూపే సొమ్ము, మొదటి ఫీజు ముందుగా ఇంటివాళ్ళే సర్దుకోవాలి.

ఇక అసలు విషయానికి వద్దాము. 1959లో కామన్‌వెల్త్ దేశాలు కలిసి ఒక స్కాలర్‌షిప్ పథకం పెట్టుకున్నాయి. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ 1983లో మొదలైంది. జపాన్ ప్రభుత్వ సొమ్ముతో ప్రపంచ బ్యాంకు నడిపే స్కాలర్‌షిప్ 1987లో వచ్చింది. జర్మనీలో డాడ్ అనే సంస్థ అభివృద్ధికి సంబంధించిన పై చదువులకు ఇస్తుంది. అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ వుంది. ఎంపికైనవారికి ఫీజు, నెలనెలా ఖర్చులు, రానుపోను విమానం ఛార్జీలు చాలావరకు వాళ్ళే భరిస్తారు. తిరిగి కట్టాల్సిన అప్పు కాదు, వడ్డీ మాటే లేదు.

మరి వాళ్ళు అడిగేదేమిటి? చీవ్‌నింగ్ రెండేళ్ళ ఉద్యోగ అనుభవం అడుగుతుంది. డాడ్ వారి ఆ కోర్సులకూ కనీసం రెండేళ్ళు కావాలి, డిగ్రీ పాసై ఆరేళ్ళు దాటకూడదు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కూ, ప్రపంచ బ్యాంకు వారికీ మూడేళ్ళు. అంటే కాలేజీ నుంచి తిన్నగా విమానాశ్రయానికి పోయేవాడికి ఈ తలుపులు తెరుచుకోవు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో మూడేళ్ళు గడిపినవాడికీ అంతే. అతని కష్టాన్ని తక్కువ చేయడం లేదు. కాని ఆ మూడేళ్ళు అనుభవం కిందికి రావు.

అనుభవం ఎందుకు అడుగుతారు? ఆ డబ్బు ఒక మనిషి చేతికిచ్చినా, ఇచ్చేది అతని ఊరికోసం, దేశంకోసం. ఇది కొత్త పద్ధతి కాదు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు అంబేద్కర్‌గారిని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపినప్పుడు, తిరిగివచ్చి పదేళ్ళు సంస్థానంలో పనిచేయాలని ఒప్పందం రాయించుకున్నారు. మన హైదరాబాదు కూడా అప్పట్లో ఇచ్చే చెయ్యే. 1895లో పదహారేళ్ళ బెంగాలీ అమ్మాయి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్ళి చదువుకుంది. ఆ అమ్మాయే సరోజినీ నాయుడు. మతం అడ్డు రాలేదు, ఆడపిల్ల అన్న మాటా అడ్డు రాలేదు.

ఇప్పుడు దరఖాస్తు సంగతి. మన పిల్లలు అందులో "మాది బీద కుటుంబం, నాన్నగారికి ఆరోగ్యం బాగులేదు" అని రాస్తారు. నిజమే కావచ్చు. కాని ఈ స్కాలర్‌షిప్పులకు అది చాలదు. హుస్సేన్‌సాగర్ నాలా మన దోమలగూడ పక్కనుంచే పారుతుంది. 2020 అక్టోబరు వానలకు నగరం ఎలా మునిగిందో చూశాము. డ్రైనేజీ పనిలో రెండేళ్ళు చేసిన ఇంజనీరు, "నేను ఫలానా లోపం కళ్ళారా చూశాను, దాన్ని సరిచేసే శాస్త్రం నేర్చుకుని వచ్చి ఈ పని చేస్తాను" అని రాస్తే వాళ్ళు ఆగి చదువుతారు. బస్తీ దవాఖానాలో నర్సు, సర్కారు బడిలో టీచరు, ఎవరైనా ఇంతే. చేసిన పనిలోంచే మాట పుట్టాలి.

మరొక చిన్న విషయం, మనవాళ్ళను ఎక్కువగా ఏడిపించేది. పదవ తరగతి మెమోలో 'ఎం.డి.', ఆధార్‌లో 'మొహమ్మద్', పాస్‌పోర్టులో 'మహమ్మద్' అని మూడు తీర్లుగా పేరు వుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వుంటే అమెరికా వీసాలో పేరు చోట 'ఎఫ్.ఎన్.యు.' అని పడుతుంది, అంటే అసలు పేరు తెలియదని! సంవత్సరం ముందే ఇవన్నీ సరిచేయించుకోవాలి. ఉద్యోగంలో చేరిన ఉత్తర్వు, జీతం చీటీలు, అనుభవం సర్టిఫికెట్ మొదటి నెల నుంచే ఒక ఫైలులో దాచుకోవాలి. పై అధికారితో మంచిగా వుండాలి, సిఫారసు ఉత్తరం రాయవలసింది ఆయనే.

అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మనవి. మన అమ్మాయిలు చదువులో వెనుకబడి లేరు. డిగ్రీ కాగానే సంబంధాలు చూసి, ఉద్యోగం వద్దంటే ఆ రెండేళ్ళ అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? పెళ్ళి వద్దని మేము అనడం లేదు. పెళ్ళయినా కొలువు ఆగకుండా చూడండి.

"తిరిగి రావాలనే షరతు వుందిగా, ఎవరు వస్తారు?" అని కొందరు అడుగుతారు. వుంది. చీవ్‌నింగ్‌వారు రెండేళ్ళు స్వదేశంలో వుండాలంటారు. ఒప్పుకుని తీసుకున్నది అమానత్, మాట తప్పరాదు. అక్కడే స్థిరపడాలనే కోరిక వున్నవారు వేరే దారి చూసుకోవడమే న్యాయం. ఇంకో నిజం కూడా చెప్పాలి. అడిగేవాళ్ళు వేలు, దొరికేది కొద్దిమందికి. నిబంధనలు, దేశాల జాబితా మారుతుంటాయి గనుక ఆ ఏటి ప్రకటన స్వయంగా చదవాలి. అయినా దొరకనివాడికి నష్టం లేదు. రెండేళ్ళ జీతం చేతిలో వుంటుంది, చేయాల్సిన అప్పు తగ్గుతుంది, ఏం చదవాలో తెలుస్తుంది.

చివరిగా మన సంఘం చేయగలిగింది. ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు 1983లో మొదలుపెట్టిన పథకంలో ఒక మంచి ఏర్పాటు వుంది. విద్యార్థికి అది వడ్డీ లేని అప్పు, కర్జె హసన. సమాజానికి మాత్రం దానం. విద్యార్థి స్థిరపడి కట్టిన సొమ్ము మళ్ళీ మరో విద్యార్థికి పోతుంది. మన స్థాయిలో మనమూ చేయవచ్చు. ఇంగ్లీషు పరీక్ష ఫీజు, సర్టిఫికెట్ల ఖర్చు, పాస్‌పోర్టు సవరణ, వీటికి చిన్న కర్జె హసన నిధి పెడదాము. చిక్కడపల్లి గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షలకోసం వందలమంది కూర్చుని చదువుతున్నారు. ఈ దరఖాస్తులు దిద్దడానికి నెలకొక ఆదివారం మన సంఘం గదిలో ఒక బల్ల వేద్దాము. రిటైరైన టీచర్లు, ఇంజనీర్లు మనలో చాలామంది వున్నారు. వారు ముందుకు రావాలి.

మన పిల్లల ఇల్మ్‌లో, రిజ్క్‌లో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక.