ఆర్డునో దాటి చిప్పు లోపలికి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



యంత్రాల్లో ఉండే చిన్న చిప్పులకు ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమని మాస్టార్లు అడిగారు.

2005లో ఇటలీలోని ఇవ్రేయాలో పుట్టిన ఆర్డునో బోర్డు ఇప్పుడు మన పల్లెటూరి బడులకూ వచ్చింది. నాలుగు లైన్లు రాస్తే లైటు వెలుగుతుంది. ఆ సంబరం ఉండాలి, దాన్ని చిన్నచూపు చూడకండి. అయితే మనలో చాలామందిమి బోరు మోటారు నీళ్లతో పత్తి, మిర్చి పండించిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. ఆ మోటారు స్టార్టరునే ఉదాహరణగా తీసుకుందాం.

మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగిలిన రెండింటి మీద బరువు పడి వైండింగు కాలిపోతుంది. దాన్ని మళ్లీ చుట్టించడానికి ఎంత ఖర్చో, ఈలోపు చేను ఎలా ఎండుతుందో మీకు చెప్పక్కర్లేదు. స్టార్టరు ప్రోగ్రాములో ‘డిలే’ అని అయిదు సెకన్లు రాస్తే, ఆ అయిదు సెకన్లూ ప్రోగ్రాము ఫేజుల వైపు చూడదు. అదే చిప్పులోని టైమరుకు, ఇంటరప్టుకు పని అప్పగిస్తే వేచి ఉంటూనే కాపలా కాస్తుంది. ప్రోగ్రాము ఎక్కడైనా బిగుసుకుపోతే చిప్పును మళ్లీ మొదలుపెట్టించే వాచ్‌డాగ్ కూడా అందులోనే ఉంది. ప్రోగ్రాము మొదట్లోనే ‘మోటారు ఆపు’ అని రాస్తే మోటారు భద్రం.

దీనికి కొత్త బోర్డు కొనక్కర్లేదు. ఊనో బోర్డులోని ఏటీమెగా 328పీ చిప్పు వేగం 16 మెగాహెర్ట్జ్, ప్రోగ్రాముకు 32 కిలోబైట్లు, పని జ్ఞాపకానికి 2 కిలోబైట్లు. 13వ పిన్ను అంటే పోర్ట్-బీలో 5వ బిట్టు. ‘డిజిటల్‌రైట్’కు కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. ఆ బిట్టును నేరుగా మారిస్తే రెండు క్లాకులు, అంటే మైక్రోసెకనులో ఎనిమిదో వంతు చాలు.

కనుక వరుసగా వెళ్లండి. మొదట లైటును నేరుగా రిజిస్టరుతో వెలిగించండి. తర్వాత డిలే తీసేసి టైమరు పెట్టండి. ఆపైన ఇంటరప్టు. ‘సెటప్’, ‘లూప్’ల వెనుక దాగిన ‘మెయిన్’ ఎక్కడుందో వెతకండి, ఆర్డునో సోర్సు కోడంతా అందరికీ తెరిచే ఉంది. డేటాషీటు వందల పేజీల ఇంగ్లీషు అని బెదరకండి. టైమరు పని ఉన్నరోజు టైమరు అధ్యాయమే చదవండి. ఒక చిప్పు లోపలంటూ తెలిస్తే, రేపు ఎస్‌టీఎం32 చేతికొచ్చినా పేర్లు మారతాయి గానీ తీరు అర్థమవుతుంది.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. బోర్డులు కొనివ్వడం మంచిదే. దానితోపాటు, ఈ రంగంలో ఉన్నవాళ్లు సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక పూట ఈ పిల్లల పక్కన కూర్చుని డేటాషీటు తెలుగులో విప్పి చెప్పండి. అందులో నా పేరు మొదట రాసుకోండి.

సెలవు.