పత్తి, మిరప చేల నడుమ మేత సజ్జ

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ లెక్కల పుస్తకాలు పక్కన పెట్టి మేత గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. పాలు తగ్గితే సభ్యులు ముందు కొలతను అనుమానిస్తారు. అనుమానించడం మంచిదే. కాని గేదె ముందు ఏమి వేస్తున్నామో కూడా చూడాలి గదా!

మన పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టల్లో ఒకప్పుడు జొన్న, సజ్జ, కొర్ర, వరిగ పండేవి. గింజ మనిషికి, చొప్ప పశువుకు. తరువాత పత్తి, మిరప వచ్చి చేతికి డబ్బు తెచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్నన్నం తినేవారూ తగ్గారు. గింజ అక్కరలేనప్పుడు చొప్ప కోసమే ఎవరు విత్తుతారు? పత్తికట్టె, మిరపకట్టె పొయ్యిలోకే గాని పశువుకు పనికిరావు. ఒంగోలు జాతి పుట్టిన సీమలో చొప్ప కొనుక్కునే రోజు వచ్చింది.

కొనలేనివారి ఇళ్ళలో ఆడవారు గట్లమీద గడ్డి కోసి తెస్తున్నారు. ఆ గట్లు పత్తిచేలవి, మిరపచేలవి. 1987 ప్రాంతంలో తెల్లదోమకు మందు మీద మందు కొట్టిన సంగతి పెద్దలకు గుర్తే. 2021-22లో మిరపకు కొత్తరకం తామరపురుగు పడినప్పుడూ అదే జరిగింది. ఆ మందు గట్టు గడ్డిమీద పడక మానదు. కొన్ని మందుల అంశ పాలలోకి కూడా దిగుతుంది. ఆ పాలు ముందు తాగేది మన పిల్లలే. ఇంకొక మాట. పురుగుకు అడ్డంగా చేను చుట్టూ రెండు మూడు వరుసల జొన్న వేయమని వ్యవసాయశాఖవారు చెబుతారు. వేయండి. కాని ఆ జొన్న మీదా మందు పడుతుంది గనుక కోసి గేదెకు వేయకండి.

అందుకే గేదె ఉన్న ప్రతి సభ్యుడూ ఇంటిపక్కనో బావిపక్కనో, మందు గాలి తగలనిచోట, పది సెంట్లు మేతకు విడిచిపెట్టాలని మా సలహా. తడి అందితే మేత సజ్జ ఎకరాకు 12 టన్నుల పచ్చిమేత ఇవ్వగలదు. పది సెంట్లకు 1200 కిలోలు. రోజుకు 20 కిలోల చొప్పున ఒక గేదెకు 60 రోజులు. విత్తనం 400 గ్రాములు చాలు. అంతా ఒకేరోజు విత్తితే ఒకేసారి ముదిరి పీచవుతుంది. మూడు మడులుగా చేసి పదిహేను, ఇరవై రోజుల తేడాతో విత్తండి. మధ్యమధ్య అలసంద కలిపితే మేతలో మాంసకృత్తులు పెరుగుతాయి. 50, 55 రోజులకు కంకి తొంగిచూస్తుండగా కోయాలి.

జొన్న ఎందుకు కాదంటారా? జొన్నకు నాము ఉంది. లేతజొన్న, బెట్టకు వాడిన జొన్న, కోసిన మోళ్ళ నుంచి వచ్చిన పిలక తిన్న పశువు నురగలు కక్కి, ఊపిరాడక గంటలోపే పడిపోవచ్చు. పూత దశ దాటిన జొన్నకు ఆ భయం చాలా తక్కువ. సజ్జకు నాము లేదు. నాము కొట్టినట్టు తోస్తే మంత్రాలకు, పసర్లకు పోక వెంటనే పశువైద్యుని పిలవండి. సకాలంలో ఇంజెక్షను పడితే బతుకుతుంది.

"మిరప పండే నేలలో గడ్డి వేయమంటారా?" అని కౌలు సభ్యులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. మిరప ధర బాగున్న ఏడు మిరపదే పైచేయి కావచ్చు, కాదనము. అయితే నిరుటి వేసవిలో చొప్పకు ఎంత ఇచ్చారో, దాని ట్రాక్టరు బాడుగ ఎంతో, పది సెంట్ల మిరపలో ఖర్చులు పోను ఎంత మిగిలిందో పక్కపక్కన వేసి చూడండి. తెనాలి వైపు వరికోసిన మాగాణిలో దున్నకుండా జొన్న పండిస్తున్నారు. అక్కడి చొప్ప మెట్టకు చేరేసరికి బాడుగ తోడవుతుంది.

నేలలేని సభ్యులు నలుగురు కలిసి బోరు దగ్గర ముక్క కౌలుకు తీసుకోవచ్చు. ఎవరికి ఎన్ని సెంట్లకు విత్తనం కావాలో తొలకరికి ముందే కార్యదర్శి దగ్గర రాయించండి. విత్తనశుద్ధి చేసిన గింజ మిగిలితే కోళ్ళకు చల్లకండి.