తొలగు, తొలగించు

స్మారకోపన్యాసం అంటే పోయినవారి పేరు చెరిగిపోకుండా బతికున్నవారు చేసుకున్న ఏర్పాటు. చేవెళ్ల, మొయినాబాద్ మిత్రులు నన్ను ఇక్కడికి పిలిచినప్పుడు, చెరిపివేతకూ తనంతట తాను తప్పుకోవడానికీ రెంటికీ పనికొచ్చే ఒక క్రియాపదం గురించే మాట్లాడాలనిపించింది. అది 'తొలగు'.

మబ్బు తొలగింది, తెర తొలగింది, పీడ తొలగింది అంటాం. పోటీ నుంచి వైదొలగారు అంటే, ఆ మనిషి ఇష్టపడి తప్పుకున్నాడని అర్థం. దానికే 'ఇంచు' చేరితే పెత్తనం ఇంకొకరి చేతికి పోతుంది. కొలువు నుంచి తొలగించారు. ఓటర్ల జాబితాలో పేరు తొలగించారు. ఇక 'తొలగింపు' అనే నామవాచకం దగ్గరికి వచ్చేసరికి ఆ పని చేసినవాడు వాక్యంలో కనబడడు. 'చెట్ల తొలగింపు' అని నోటీసు అంటిస్తే సరిపోతుంది, నరికేది ఎవరో రాయనక్కర లేదు. మన ఊళ్లవాళ్ల మాటలో ఈ దాపరికం లేదు. 'జర పక్కకు జరుగు' అంటారు, 'పేరు తీసేసిండ్రు' అంటారు. ఆ 'ఇండ్రు'లో చేసినవాళ్లు ఉన్నారు.

ఈ క్రియకు ఆజ్ఞారూపం కూడా ఉంది. దాని చరిత్ర చేదైనది. కాశీ వీధిలో శంకరాచార్యుడు ఎదురొచ్చిన చండాలుణ్ణి తొలగమన్నాడని, తొలగమంటున్నది దేహాన్నా ఆత్మనా అని అతడు ఎదురడిగాడని, మనీషా పంచకం అక్కడే పుట్టిందని సంప్రదాయం చెబుతుంది. శ్రీరంగంలో, అంటరానివాడిగా ఎంచిన భక్తకవి తిరుప్పాణాళ్వారుది ఇంకో కథ. కావేరి గట్టున ఒళ్లు మరిచి పాడుకుంటున్న ఆయన, తొలగమన్న కేక వినిపించుకోలేదు. గుడి అర్చకుడు లోకసారంగముని రాయి విసిరాడు. తరువాత రంగనాథస్వామి ఆజ్ఞ మేరకు అదే ముని ఆయనను భుజాల మీద ఎక్కించుకుని గుడిలోకి తీసుకెళ్లాడు.

2018 ఏప్రిల్‌లో ఆ కథను మళ్లీ నడిపించినవారు మీ మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్. హైదరాబాద్ జియాగూడలోని రంగనాథస్వామి ఆలయంలోకి ఆయన ఒక దళిత భక్తుణ్ణి తన భుజాల మీద మోసుకెళ్లారు. తరతరాలుగా 'తొలగు' అన్న నోరున్న వర్గంలోంచి ఒక మనిషి తానే కిందికి వంగాడు. చిలుకూరు గుడిలో హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. డబ్బూ హోదా అక్కడ పక్కకు తప్పుకోవలసిందే. అధికారం ఉన్నవాడు తొలగితేనే దాన్ని ఆత్మత్యాగమనాలి. లేనివాణ్ణి తొలగమనడాన్ని త్యాగమని పొగిడితే అది అన్యాయం.

ఈ కొలతతోనే 111 జీవోను చూస్తాను. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచాక 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. ఆ నీళ్లు చెడకుండా 1996 మార్చి 8న వచ్చిన జీవో, 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలను కట్టడి చేసింది. మొయినాబాద్, చేవెళ్ల ఊళ్లు అందులో ఉన్నాయి. పరిశ్రమలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, కాలనీలు వద్దు అన్నారు. పక్కనే గచ్చిబౌలి వైపు భూమి బంగారమవుతుంటే ఇక్కడి రైతు చూస్తూ ఉండిపోయాడు. నగరం గొంతు తడపడం కోసం ఆయనను పక్కకు తొలగించారు. 2022 ఏప్రిల్‌లో 69వ జీవోతో ఆంక్షలు ఎత్తేశారు. అది కూడా తప్పేనని నా అభిప్రాయం. జలాశయాలను కాపాడాల్సిందే, కానీ ఆ కాపలా ఖర్చు నగరం భరించాలి. ఆ లెక్క తేల్చకుండానే ఊళ్లను ఒకసారి కట్టేసి ఇంకోసారి వదిలేశారు.

ఇక మర్రిచెట్లు. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డులో, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా తొమ్మిది వందల పైచిలుకు మర్రులు ఉన్నాయి. నిజాం కాలంలో నాటినవని చెప్పుకుంటారు. నాటిన కూలీల పేర్లు ఏ రాతిమీదా లేవు. వాళ్లు నీడను వదిలి తాము తొలగిపోయారు. నాలుగు వరుసల రోడ్డు కోసం ఈ చెట్లన్నీ పోవాల్సిన స్థితి వచ్చింది. చెట్లను ప్రేమించినవాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి పోరాడారు. చివరకు రోడ్డు నక్షా మారింది. సుమారు నూట యాభై చెట్లను వేరేచోట నాటి, మిగతావాటిని ఉన్నచోటే ఉంచాలన్న ప్రణాళిక వచ్చింది. చాలా చోట్ల చెట్టుకు దారిచ్చి రోడ్డే తొలగిందన్నమాట.

రోడ్డు కావాలన్నవారి బాధను తేలిగ్గా తీసిపారేయకూడదు. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ ఇళ్లలో మనుషులు లేకుండా పోయారు. వెడల్పు రోడ్డు ఆలస్యం కావడానికి చెట్లే కారణమన్న మాట ఆ దుఃఖంలో వినిపించింది. చెట్లను మిగిల్చి రోడ్డు వేయవచ్చని మారిన నక్షాయే చెబుతోంది. ఆ పని త్వరగా పూర్తి చేయకపోతే ఇరువైపులవారికీ ద్రోహం చేసినట్టే.

పంచాయతీ కార్యదర్శులకు, రోడ్ల అధికారులకు, పత్రికలవారికి నా విన్నపం ఇది. 'తొలగింపు' అని రాసిన ప్రతి కాగితంలోనూ తొలగించేది ఎవరు, ఎవరికోసం, ఎక్కడికి అన్నది రాయండి. అభ్యంతరం చెప్పుకోవడానికి గడువెంతో, ఎవరికి చెప్పుకోవాలో కూడా అక్కడే రాయండి. రాయకపోతే అడగండి అని ఈ రెండు మండలాల ప్రజలను కోరుతున్నాను.